పట్టు అప్పడం

ఓబుళమ్మ ఆ పొద్దు మూడోసారి పోగు తెంపి పారేసింది.

"ఈ గూళ్లు ఎవురు తెచ్చినారో గానీ, పోగంతా వంకరే!"

పక్క బేసిన్ ముందు కూర్చున్న ఆమె తోడికోడలు చౌడమ్మ తల తిప్పి చూసింది. సలసల కాగే నీళ్లలో పట్టుగూళ్లు తేలుతున్నాయి. ఎనిమిది గూళ్ల నుంచి లేచిన ఎనిమిది సన్నటి పోగులు ఒక్కటిగా కలిసి, పైన తిరిగే రాట్నం మీదికి నిటారుగా ఎక్కుతున్నాయి.

"వంకర యాడుందక్కా? గీత గీసినట్టుంటే!"

"నీ కండ్లకు ఆవిరి పట్టింది."

"నాకా, నీకా?"

హిందూపురంలోని ఆ షెడ్డులో ఓబుళమ్మ నలభై ఏళ్లుగా పట్టు తీస్తోంది. వెంట్రుక కంటే సన్నని పోగు కొస నీళ్లలో ఎక్కడ దాక్కున్నా ఒక్క చూపుకే దొరకబుచ్చుకుంటుందని పేరు. అలాంటి మనిషికి కండ్లు చెడతాయని ఎవరికీ తోచలేదు. ఆమెకు అసలే తోచలేదు. ముందు ఆవిరిని తిట్టింది. తరవాత పైనున్న ఫ్యానును తిట్టింది. రాట్నం ఒరిగిందని దాని మరలు బిగించింది. చివరకు షెడ్డు యజమాని చెత్తబుట్టలో చెయ్యి పెట్టి చూస్తే, మేలిరకం పట్టు బుట్టెడు దొరికింది. అంతా వంకర అని ఆమె తెంపి పారేసిందే.

మరుసటి రోజు చౌడమ్మ ఆమెను పెనుకొండ రోడ్డులోని కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ వాకిలి చట్రం కూడా నడుమ ఉబ్బినట్టు కనిపించింది. ఇక్కడ ఆవిరి లేదు, బేసిన్ లేదు. ఓబుళమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంటికి నిలబడితివి?" అంది చౌడమ్మ.

"వాకిలి వంకరగా ఉందే."

చౌడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

పెద్ద డాక్టరు సోమనాథ్ గళ్లగళ్ల కాగితం ఒకటి ఆమె ముందు పెట్టి, నడుమనున్న చుక్కను చూడమన్నాడు. గీతలు అలల్లా ఊగాయి. చుక్క ఉన్నచోట బూడిదరంగు మచ్చ ఉంది. వయసుతో కంటి వెనకాల నడిమి భాగం అరిగిపోయిందని ఆయన చెప్పాడు. కుడికంట్లో నెత్తురు ఊరి చాలా కాలమైంది. కంట్లో వేసే ఇంజెక్షన్లు ముందే పడి ఉంటే కొంత ఆగేది, ఇప్పుడు అక్కడ మచ్చ కట్టింది. ఎడమకన్నుది పొడి రకం. దానికి మాత్రలు ఇచ్చాడు, ఆకుకూరలు తినమన్నాడు, భూతద్దం రాసిచ్చాడు.

"తగ్గుతుందా సామీ?"

"పెరిగేది నిదానమవుతుంది."

రెండేళ్లు నిదానంగానే పెరిగింది. ఎవరి ముక్కు చూద్దామన్నా ముక్కు మాయమై చెవులు కనిపించేవి. మొహం పక్కకు తిప్పి ఎడమకంటి అంచుతో చూస్తే నడవగలిగేది, పొయ్యి వెలిగించగలిగేది, సంగటి కెలకగలిగేది. ఆ అంచుచూపే ఆమెకు మిగిలిన ఆస్తి. షెడ్డులో బేసిన్ మాత్రం పోయింది. ఇప్పుడు ఒక మూల కూర్చుని, చేత్తో నొక్కి చూసి, మెత్తబడిన గూళ్లు ఏరిపెడుతుంది.

*

మూడు నెలలకోసారి కంటి పరీక్షకు పోయినప్పుడు బల్ల మీద ఆమె పక్కన కుళ్లాయప్ప సారు కూర్చునేవాడు. ఆయన చిలమత్తూరు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పేపరు చదవలేకపోవడం ఆయనకు అన్నం లేకపోవడంతో సమానం. అందుకే ఆసుపత్రి ప్రయోగశాలలో కొత్త వైద్యం మొదలైందనగానే మొదట పేరిచ్చాడు. ఆ పొద్దు ఆయన ఒక కంటికి నల్లద్దం పెట్టుకుని వచ్చాడు.

"ఏమైంది సార్?"

"సున్నా వచ్చింది ఓబుళమ్మా. ముందు అంచుల్లో కొంచెం కనబడేది. ఇప్పుడు అది కూడా కొట్టేసినారు."

ఆ వైద్యం చేసిన డాక్టరు తహసీన్ అప్పుడే అటు వచ్చింది. కదిరిలో పట్టుగూళ్ల వ్యాపారి కూతురు. ముప్పై రెండేళ్లుంటాయి. సారు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏదో చెప్పబోయి ఆగిపోయింది. సారే ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"లెక్క తప్పింది. తప్పు ఏ మెట్టులో ఉందో ఎతుకమ్మా. అంతే గానీ పలక పగలగొట్టకు."

ఓబుళమ్మకు ఆ మాట నచ్చింది. "పాపా, ఏం లెక్క అది? మాకు గూడ చెప్పు," అంది.

తహసీన్ ఆమెనూ, తోడొచ్చిన చౌడమ్మనూ ప్రయోగశాలలోకి తీసుకుపోయి, ఒక గాజుపళ్లాన్ని దీపం మీద పెట్టి తెరపై పెద్దదిగా చూపించింది. ఓబుళమ్మ మొహం పక్కకు తిప్పి చూసింది. తేనెపట్టు గదుల్లా ఒకదాని పక్కన ఒకటి ఒదిగిన గోధుమరంగు కణాలు. కంటి వెనకాల వెలుగును పట్టే కణాలకు ఇవి పరుపులాంటివి. తిండి పెట్టేవీ ఇవే, చెత్త ఎత్తేవీ ఇవే. వయసుతో ఈ పరుపు చిరిగిపోతుంది. రోగి నెత్తురు చుక్క తీసి, అందులోని కణాలను మళ్లీ పసికణాలుగా మార్చి, వాటితో కొత్త పరుపు పెంచడం తహసీన్ నేర్చింది. కణాలు బాగానే పెరిగాయి. వాటిని మోసుకుపోయి కంట్లో పరవడానికి ఒక బట్ట కావాలి. పట్టును కరిగించి, పలుచగా పోసి ఆ బట్ట చేసింది. సారు కంట్లో పెట్టిన పదకొండో రోజున అది అంచుల్లో చుట్టుకుపోయి, పైనున్న పొరను కూడా లాక్కుపోయింది.

"ఆ బట్ట ఒక తునక ఈ."

తహసీన్ ఇచ్చింది. ఓబుళమ్మ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి రుద్దింది. తడిపి మళ్లీ రుద్దింది. నాలుక కొసకు తాకించుకుంది.

"సోడా వేసి ఉడకబెట్టినారా?"

"అవును. జిగురంతా పోవాలి కదా, అవ్వా."

"అంతా పోతే ఇంగ పోగును పోగు యాడ పట్టుకుంటాది? పైగా దీన్ని కరిగించి పోసినారు. ఇది పట్టు గాదు పాపా, పట్టు గంజి. ఎండితే చుట్టుకుంటాది, తడిస్తే వాలిపోతాది."

"మరి బట్టలా నేయించామనుకో, ఆ పోగులు కణాలకు దుంగల్లా ఉంటాయి."

"నేసేదెందుకు? పురుగే పరుస్తాది."

తహసీన్‌కు అర్థం కాలేదు. పక్కనున్న చౌడమ్మకు మాత్రం వెంటనే అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్కా, అది చెప్పొద్దక్కా! పరువు పోతాది!"

"పోతే పోనీ. నలభై ఐదేండ్ల కిందటే పోయింది గదా."

అప్పుడు తోడికోడళ్లిద్దరూ కొత్త కాపురాలకు వచ్చిన రోజులు. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. పురుగులు పండి, ఒళ్లు తేటపడగానే గూళ్లు కట్టుకోవడానికి వాటిని ఏరి చంద్రికల మీద, అంటే వెదురు చుట్ల తట్టల మీద వేయాలి. ఒక్క పూట ఆలస్యం కాకూడదు. సరిగ్గా ఆ పూటే లేపాక్షి తిరునాళ్లలో బొమ్మలాట ఉందని ఓబుళమ్మ చౌడమ్మను వెంటేసుకుని గోడ దూకింది. తిరిగొచ్చేసరికి మేత తట్టల్లోనే పురుగులు పని మొదలుపెట్టాయి. చుట్టూ ఆనుకోవడానికి ఏమీ లేక గూడు కట్టడం చేతగాలేదు. తల ఇటూ అటూ తిప్పుకుంటూ, ఉన్నచోటే పట్టునంతా పలుచగా పరిచేశాయి. తట్ట నిండా అప్పడాలు! అత్త ఒకదాన్ని పీకి వీధి వీధికీ చూపించి వచ్చింది. ఆనాటి నుంచి ఆమె అప్పడాల ఓబుళమ్మ. ఇప్పటికీ చౌడమ్మకు కోపమొస్తే "అప్పడం" అనే పిలుస్తుంది.

"ఆ అప్పడం నేను చింపాలని చూసినా చినగలేదు," అంది ఓబుళమ్మ. "నీళ్లలో వేసినా చుట్టుకోలేదు. పురుగు దాన్ని ఎట్ల పరిచిందో అట్లనే ఉండాది."

తహసీన్ బల్ల మీది గాజుగోలీ ఒకటి తీసి ఓబుళమ్మ అరచేతిలో పెట్టింది.

"కన్ను వెనకాల ఇంత వంపు ఉంటుంది. దీని మీద పరుస్తుందా?"

ఓబుళమ్మ గోలీని వేళ్లతో తిప్పింది.

"మొదట్లో వచ్చే పోగు మందం. చివర్లో వచ్చేదే సన్నం, మాకు రాట్నం మీద తెగి సతాయించేది అదే. పురుగును ముందు పలక మీద వదలాల. కడుపులోది శానా మటుకు అక్కడ కక్కినాక, కడపటి గంటలో తీసి గోలీ మీద పెట్టల్ల. ఆ గంట ఏదో కనిపెట్టడమే పని."

*

ఆ గంట కనిపెట్టడానికి ఐదు నెలలు పట్టింది. ప్రయోగశాల గదిలో మల్బరీ ఆకు వాసన నిండింది. పట్టు దాదాపుగా అయిపోయిన పురుగు ఒళ్లు కుంచించుకుపోయి, గొంతు దగ్గర తేనెరంగుకు తిరుగుతుంది. ఓబుళమ్మ వేళ్లతో పురుగును పట్టుకుని మెత్తదనం చెబుతుంది. రంగు చెప్పడం చౌడమ్మ పని.

"పసుపా, తేనెనా?"

"పసుపు మాదిరి తేనె."

"అట్లంటే ఏందే? నీ కండ్లు నాకు రెండు గంటలు అప్పు ఈ!"

"నేను కాపురానికొచ్చినప్పటి నుంచి నా ప్రాణం అప్పు తీసుకుంటానే ఉండావు గదా, అప్పడం!"

తొందరపడితే పొర మందమయ్యేది. ఆలస్యమైతే చిల్లులు పడేది. డెబ్బై మూడో పురుగు గోలీ మీద ఎక్కి తలను మెల్లగా తిప్పుతూ గంటన్నర పనిచేసి ఆగిపోయింది. తహసీన్ పొరను ఎత్తి చూసింది. ఉల్లిపొర కంటే పలుచన, గోలీ వంపుకు వంపు. ఉత్త గోరువెచ్చని నీళ్లలో కడిగి, జిగురులో పోవలసినంత పోనిచ్చి, ఉండవలసినంత ఉంచారు. ఎంత ఉంచాలో ఓబుళమ్మ వేళ్లు చెప్పాయి, యంత్రం ఆ కొలత రాసుకుంది. కణాలు దాని మీద పరుచుకుని, ఊరు చేరినట్టు స్థిరపడ్డాయి.

ఓబుళమ్మకు దానికంటే ఎక్కువ నచ్చిన సంగతి ఇంకొకటుంది. గూడు కట్టిన పురుగును బేసిన్‌లో ఉడకబెట్టక తప్పదు. నలభై ఏళ్లలో ఎన్ని లక్షలు ఉడకబెట్టిందో ఆమెకే తెలియదు. ఈ పురుగు మాత్రం గూడు లేకుండానే ప్యూపాగా మారి, పన్నెండో రోజున తెల్లటి సీతాకోకై బయటికొచ్చింది. దాన్ని జతకట్టించి, గుడ్లు అట్ట మీద పెట్టించి, ఆ అట్టను చల్లటి పెట్టెలో దాచమని ఓబుళమ్మ పట్టుబట్టింది.

"దేనికవ్వా?"

"మంచి పనిమంతురాలి వంశం నిలబెట్టాల గదా."

తరవాత ఎనిమిది నెలలు కుందేళ్ల కండ్లలో పరిచి చూశారు. ఒక్క పొర కూడా చుట్టుకోలేదు. ఒక్క కన్ను కూడా ఎర్రబడలేదు. మనుషులకు చేయడానికి అనుమతి వచ్చింది. అయితే కుళ్లాయప్ప సారు సంగతి అందరికీ తెలుసు. పేర్లు రాసుకునే పుస్తకం ఖాళీగా ఉంది.

"నాది రాసుకో," అంది ఓబుళమ్మ.

సోమనాథ్ కుడికన్నులో చేద్దామన్నాడు. ఎలాగూ పోయిన కన్ను. తహసీన్ తల అడ్డంగా ఊపింది. అక్కడ వెలుగు పట్టే కణాలే మిగల్లేదు, పరుపు వేసినా పడుకునే వాళ్లు లేరు. చేస్తే ఎడమకన్నుకే చేయాలి. ఏ అంచుచూపుతో ఆమె నడుస్తోందో, వండుతోందో ఆ కన్నుకే.

ఇంటికి పోయే ఆటోలో చౌడమ్మ ఊరంతా వినేలా అరిచింది.

"నీకేమన్నా మతి పోయిందా? ఉండే ఒక్క చూపు గూడ పోతే నీకు సంగటి ఎవురు చేసి పెడతారు?"

"నువ్వు."

"నేను చెయ్యను!"

"చేస్తావులే."

"అక్కా, ఆ సారును సూడలేదా నువ్వు? గోడ పట్టుకోని నడుస్తా ఉండాడు. నీకు అట్లయితే నేను సూడలేను. నిజంగా సూడలేను."

ఓబుళమ్మ ఆమె చెయ్యి వెతికి పట్టుకుంది.

"చౌడీ, ఆయప్ప ముందు పోయినాడు గాబట్టే తప్పు యాడుందో తెలిసింది. ఇప్పుడు ఆ పొర నా వేలు చెప్పిన పొర. దాన్ని నా కంట్లో పెట్టుకోనంటే, ఇంగొకరి కంట్లో పెట్టమని ఏ మొగం పెట్టుకోని చెప్తాను?"

ఆటో దిగాక, చౌడమ్మ ఇంటి తాళం తీస్తూ, "రేపటి నుంచి సంగటి నేనే చేస్తాను. అలవాటు పడల్ల గదా," అంది.

*

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. మూడో రోజు కట్టు విప్పారు. పదకొండో రోజు వచ్చింది. తహసీన్ ఆ పొద్దు ఏమీ తినకుండానే యంత్రం ముందు కూర్చుని కంటి లోపల చూసింది. కుళ్లాయప్ప సారు పిలవకుండానే వచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. పొర చుట్టుకోలేదు. పరిచింది పరిచినట్టే ఉంది.

అయినా ఓబుళమ్మకు చూపు రాలేదు. ముప్పయ్యో రోజున కూడా గోడ మీది అక్షరాల అట్టలో ఆమె ఏమీ చెప్పలేకపోయింది. ముందు ఎంత కనిపించేదో అంతే. యంత్రంలో కణాలు బతికే ఉన్నాయి, వెలుగుకు పలుకుతున్నాయి. మనిషికి మాత్రం కనిపించడం లేదు. సోమనాథ్ పెదవి విరిచాడు. తహసీన్ కాగితాలు ముందేసుకుని తల పట్టుకుంది.

గుడ్ల అట్టను చల్లటి పెట్టె నుంచి తీసే రోజు కూడా అదే. చౌడమ్మ దాన్ని తెచ్చి ఓబుళమ్మ ముందు పట్టుకుంది.

"ఇదో, నీ పనిమంతురాలి పిల్లలు. సూసుకో."

ఓబుళమ్మ ఎప్పటిలాగే మొహం పక్కకు తిప్పింది, కోడి గింజను చూసినట్టు. చౌడమ్మకు ఒళ్లు మండింది.

"ఎదురుగా పెడితే పక్కకు సూస్తావేంది? మూడేండ్ల నుంచి నేను మాట్లాడుతుంటే గోడను సూస్తా ఉండావు. నా మొగం సూడవు గదా నువ్వు!"

అంటూనే ఆమె గడ్డం పట్టుకుని గట్టిగా తన వైపు తిప్పింది. ఓబుళమ్మ తల మళ్లీ పక్కకు జారబోయింది. చౌడమ్మ వదల్లేదు.

"నేరుగా! అట్టను సూడు!"

తహసీన్ లేచి నిలబడింది. ఆమెకు విషయం ఒక్కసారిగా వెలిగింది. మూడేళ్లుగా ఆ కన్ను అంచుతో చూడడం నేర్చుకుంది. నడుమ కొత్త పరుపు పరిచినా, ఆ మనిషి దాన్ని వాడడమే లేదు.

"చౌడవ్వా, అట్లనే పట్టుకో. వదలొద్దు!"

ఓబుళమ్మకు మొదట మంచు మాత్రమే కనిపించింది. తరవాత ఆ మంచులో ఏవో చుక్కలు మెదిలాయి. గసగసాలంత చుక్కలు. వాటికి అంచులు వచ్చాయి. బూడిదరంగు వచ్చింది. వరస వచ్చింది. ఒక్కో వరసనూ, బేసిన్‌లో పోగు కొసను వెతికినట్టు, చూపుతో తడుముకుంటూ పోయింది.

"చౌడీ."

"ఏంది?"

"నాలుగో వరసలో ఒకటి పసుపుగానే ఉండాది. అది సచ్చింది. పిల్ల రాదు."

చౌడమ్మ అట్టను దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఆమెకు కనిపించలేదు. తహసీన్ భూతద్దం తెచ్చింది. నాలుగో వరసలో, నల్లబడిన గుడ్ల నడుమ, రంగు మారని గుడ్డు ఒక్కటే ఉంది.

తహసీన్ భూతద్దాన్ని బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. సోమనాథ్ వచ్చి గళ్లగళ్ల కాగితాన్ని ఓబుళమ్మ ముందు పెట్టాడు. ఈసారి ఆమె తన చేత్తోనే తన గడ్డం పట్టుకుని నేరుగా చూసింది. ఈ కొస నుంచి ఆ కొసకు వేలితో ఒక గీత గీసి చూపించింది.

"వంకర లేదు సామీ. నీ వాకిలి గూడ బాగుంది."

ఆ పొద్దు కూడా వచ్చి బయట బల్ల మీద కూర్చున్న కుళ్లాయప్ప సారు ఒక్కడే చప్పట్లు కొట్టాడు. లోపల ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చౌడమ్మ ఏడుపు విని తెలుసుకున్నాడు.

ఓబుళమ్మ తోడికోడలి వైపు తిరిగింది. నేరుగా.

"ఏమే, ముక్కుపుడక మార్చినావా?"

"రెండేండ్లయింది!" అని చౌడమ్మ ముక్కు చీదుకుంది.

*

గుడ్లు పిగిలాయి. పనిమంతురాలి పిల్లలు ఆకు తిని, చర్మం విడుస్తూ నాలుగు నిద్రలు పోయి, ఇరవై ఆరో రోజుకు పండాయి. ప్రయోగశాల పుస్తకంలో ఇప్పుడు నలభై ఒక్క పేర్లు. అందరికంటే పైన కుళ్లాయప్ప సారుది. ఆయనకు ఇంకా ఒక కన్ను ఉంది.

కాగితాల మీద ఆ పొరకు తహసీన్ పొడుగాటి పేరొకటి పెట్టింది. ఆసుపత్రిలో మాత్రం ఆయాల నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ దాన్ని అప్పడం అనే పిలుస్తారు. తన అత్త బతికుంటే బాగుండేదని ఓబుళమ్మ ఒకటి రెండుసార్లు అనుకుంది. మళ్లీ వీధి వీధికీ చూపించి వచ్చేది.

కిటికీ పక్కన పలక మీద పదహారు పురుగులు తలలు తిప్పుతూ పని చేస్తున్నాయి. సారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"నాకు ఏది, ఓబుళమ్మా?"

"తొందరపడొద్దండి సార్. ఇంగా పండలేదు."

చౌడమ్మ పలక మీదికి వంగింది. "ఇదో, ఈ చివరిది తేనెరంగే గదా, అక్కా?"

"అది పసుపు మాదిరి తేనె. నువ్వు జరుగు."

ఓబుళమ్మ ఒక్కో పురుగు గొంతునూ వెలుతురుకు ఎదురుగా చూసుకుంటూ పోయింది. తొమ్మిదోదాని దగ్గర ఆగింది. వేలితో ముట్టుకోలేదు. ఎవరినీ రంగు అడగలేదు. దాన్ని ఆకు ముక్క మీదికి ఎక్కించుకుని, మెల్లగా తెచ్చి గాజుగోలీ మీద పెట్టింది.

పురుగు తల పైకెత్తి, ఇటూ అటూ వెతికి, మొదటి పోగు వేసింది. కిటికీ వెలుగులో ఆ పోగు మెరిసింది.

"కనపడిందా?" అన్నాడు సారు.

"కనపడింది సార్. మీ పేపరు తెచ్చి పెట్టుకోండి."